పాత ఇనుమా, పాత బియ్యమా: 15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్య చిక్కుకున్న కాంటెస్సా

తెలుగులో ‘పాత’ అనే విశేషణం రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. పాత ఇనుముకు తూకం ధరే దక్కుతుంది. పాత బియ్యానికి కొత్త బియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతుంది. ముప్పై, నలభై ఏళ్ల కిందటి కుటుంబ కారును శ్రద్ధగా బాగు చేయించి అమ్మకానికి పెట్టినప్పుడు అది ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్న ప్రశ్నకు భారతదేశంలో ఇప్పటికీ సూటి జవాబు లేదు. మార్కెట్ దాన్ని పాత బియ్యంగా చూస్తోంది. చట్టం మాత్రం చాలాకాలం పాటు పాత ఇనుముగానే లెక్కిస్తోంది.

హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సా ఇందుకు తగిన ఉదాహరణ. ‘అసలు రూపం చెడకుండా పునరుద్ధరించిన కాంటెస్సా క్లాసిక్, కాగితాలన్నీ సక్రమం, విలువ తెలిసిన వారికి మాత్రమే’ అనే ధోరణిలో ప్రకటనలు పాత కార్ల మార్కెట్‌లో కనబడుతూనే ఉంటాయి. అలాంటి ప్రకటనలోని ప్రతి మాట వెనుకా ఒక నిబంధన ఉంది. ఆ నిబంధనలు ఒకదానితో ఒకటి పొసగకపోవడమే అసలు చిక్కు.

లూటన్ నుంచి ఉత్తరపారాకు

కాంటెస్సా పుట్టుక బ్రిటన్‌లో. లూటన్ కేంద్రంగా పనిచేసిన వాక్స్‌హాల్ సంస్థ 1972లో విక్టర్ ఎఫ్‌ఈ శ్రేణిని విడుదల చేసింది. తర్వాత వీఎక్స్ పేరుతో కొనసాగిన ఆ కారు 1978తో అక్కడ ముగిసింది. దాని రూపకల్పనను హిందుస్థాన్ మోటార్స్ అందిపుచ్చుకుని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారం నుంచి 1984లో కాంటెస్సాను తెచ్చింది. పొడవైన బానెట్, నడుము దగ్గర ఒంపు తిరిగిన పక్క భాగాలు, వెనుక చక్రాలకు శక్తినిచ్చే అమరిక ఉండటంతో చూడటానికి పరుగు పందెపు కారులా ఉండేది. లోపల మాత్రం అంబాసిడర్‌దే 1,489 సీసీ ఇంజిన్. శక్తి సుమారు 50 హార్స్‌పవర్. బరువైన ఒంటికి ఆ గుండె చాలలేదన్న విమర్శ ఆనాడే వచ్చింది.

ఆ లోటును తీర్చింది జపాన్‌కు చెందిన ఇసుజు. 1980ల చివరలో 1,817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్, 5 గేర్లతో వచ్చిన కాంటెస్సా క్లాసిక్ సుమారు 88 హార్స్‌పవర్ ఇచ్చింది. మారుతి 800, ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్ తిరుగుతున్న రోడ్ల మీద అది వేగానికి మారుపేరైంది. ఐదుగురు సౌకర్యంగా కూర్చోగల కుటుంబ కారు, అవసరమైతే అందరినీ దాటిపోగల కారు కూడా కావడం అప్పట్లో అరుదు. మంత్రులూ అధికారులూ వాడారు, వ్యాపార కుటుంబాలు కొనుక్కున్నాయి. దిగుమతులకు ద్వారాలు మూసి ఉన్న కాలంలో, ఆర్థిక సంస్కరణలకు ముందు, ఒక మధ్యతరగతి దేశం కన్న వేగపు కల అది. డీజిల్ రకాలు కూడా వచ్చాయి. సంస్కరణల తర్వాత అడుగుపెట్టిన విదేశీ సంస్థల పోటీకి తట్టుకోలేక 2002లో ఉత్పత్తి నిలిచిపోయింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ సైతం 2014 మేలో ఆగింది. 2022లో కాంటెస్సా పేరు హక్కులు కూడా చేతులు మారాయి.

మధ్యలో 35 ఏళ్ల శూన్యం

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీలో సామర్థ్యం రుజువు చేసుకుంటే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమావళికి చేసిన సవరణ ‘వింటేజ్’ వాహనాన్ని తొలిసారి నిర్వచించింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, వాణిజ్యేతర వ్యక్తిగత వాడకంలో ఉండి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలు ఈ కోవలోకి వస్తాయి. వీటికి రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు శ్రేణి ఉంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20,000, గడువు పదేళ్లు, పునరుద్ధరణకు రూ.5,000.

ఈ రెండు అంకెల మధ్య 35 ఏళ్ల దూరం ఉంది. 1984 నాటి మొదటి కాంటెస్సాకు 15 ఏళ్లు 1999లోనే నిండాయి. 50 ఏళ్లు నిండేది 2034లో. 2002లో వచ్చిన చివరి కారుకు వింటేజ్ హోదా దక్కాలంటే 2052 దాకా ఆగాలి. అప్పటిదాకా ఆ కారు ఏడుసార్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ రుసుమును 2025 ఆగస్టులో రూ.10,000కు పెంచారు. ఈ మధ్యకాలమంతటా చట్టం దృష్టిలో కాంటెస్సాకు చారిత్రక విలువంటూ ఏదీ లేదు. గ్యారేజీలో దుప్పటి కింద జాగ్రత్తగా దాచిన కారూ, రోడ్డు పక్కన తుప్పు పడుతున్న కారూ సమానమే.

పైపెచ్చు విధానపరమైన ప్రోత్సాహమంతా కారును వదిలించుకునే దిశలోనే ఉంది. 2021 ఆగస్టులో ప్రకటించిన తుక్కు విధానం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రంలో పాత కారును అప్పగించి ధ్రువపత్రం తెచ్చుకున్నవారికి, కొత్త వ్యక్తిగత వాహనం పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చేందుకు వీలుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాలకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగింపే లేదు. అధికారుల గ్యారేజీల్లో మిగిలిపోయిన అంబాసిడర్లూ కాంటెస్సాలూ ఏవైనా ఉంటే వాటి దారి తుక్కు కేంద్రానికే. కారును తుక్కు చేసినవారికి రాయితీ, కాపాడినవారికి రుసుము!

ఢిల్లీలో పరిస్థితి మరింత కఠినం. 15 ఏళ్లు దాటిన వాహనాలపై 2014 నవంబరులోనూ, పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015 ఏప్రిల్‌లోనూ జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలిచ్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి వాహనాలకు ఇంధనం పోయరాదన్న నిర్ణయం కొద్ది రోజులకే ఆగిపోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. దేశమంతటా బీఎస్-4 అమలయ్యే నాటికి కాంటెస్సా తయారీ ఆగి ఏళ్లు గడిచాయి. కాబట్టి రాజధాని ప్రాంతంలోని కాంటెస్సాకు ఆ రక్షణ వర్తించదు. నిరభ్యంతర పత్రం తీసుకుని వేరే రాష్ట్రానికి తరలించడం లేదా అమ్మడం మిగిలిన దారి. ఢిల్లీ నంబరుతో ఉన్న పాత కార్లు హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల కొనుగోలుదారులకు కనబడటానికి ఇదొక కారణం.

బాగు చేయడమే తప్పయితే

ఇంతకన్నా సూక్ష్మమైన సమస్య వింటేజ్ నిర్వచనంలోనే ఉంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులతో కూడిన ‘గణనీయమైన ఓవర్‌హాల్’ జరగని వాహనమే వింటేజ్ అవుతుంది. చారిత్రక రూపాన్ని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. పాత కారు పేరు చెప్పి దాని నంబరు మీద మరో బండిని కట్టేయడాన్ని అడ్డుకోవాల్సిందే. అయితే ఈ మాటలు కాంటెస్సా లాంటి కారుకు ఎలా వర్తిస్తాయన్నది చూడాలి.

కాంటెస్సాకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది పట్టీలు, ముందు వెనుక భాగాలు అన్నీ కలిసి ఒకే గూడుగా బరువును మోస్తాయి. మన దేశపు వర్షాలకు ముందుగా తుప్పు పట్టేవి సరిగ్గా ఈ భాగాలే. తుప్పు తిన్న రేకును కోసి, అదే మందం, అదే ఆకారంలో కొత్త రేకు వెల్డింగ్ చేయడమే నిజాయతీ గల టింకరింగ్ పని. రంధ్రాల మీద లప్పం మెత్తి, పైన రంగు కొట్టడం మోసపు పని. మొదటిది ప్రయాణికుల ప్రాణాలు కాపాడుతుంది. కానీ కాగితం మీద ‘బాడీ షెల్‌లో మార్పు’ అని చదువుకోగల అవకాశమూ దానికే ఉంది. రెండోది ప్రమాదకరం, కానీ చూసే అధికారికి ‘అసలు రూపం’ చెక్కుచెదరనట్టే కనబడుతుంది. మార్పుకూ మరమ్మతుకూ మధ్య గీత ఎక్కడన్నది నియమావళి విప్పి చెప్పలేదు. తనిఖీ అధికారి విచక్షణే గతి.

ఇంజిన్ విషయంలోనూ అంతే. తొలి కాంటెస్సాల్లోని 1,489 సీసీ ఇంజిన్ తీసి ఇసుజు ఇంజిన్ వేయించుకున్నవారూ, పెట్రోల్ తీసి డీజిల్ పెట్టించుకున్నవారూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే వ్యాఖ్యానించింది. ఇంజిన్ మార్పిడి రవాణా శాఖ అనుమతితో ‘సి-బుక్’లో నమోదు కాకపోతే, ఎంత అందంగా బాగుచేసిన కారైనా అమ్మకం వేళ చిక్కు తప్పదు.

ఇదే కారు తోబుట్టువుకు పుట్టింట్లో దక్కుతున్న మర్యాద వేరు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన వాహనం చారిత్రక వాహనంగా రోడ్డు పన్ను మినహాయింపు కోరవచ్చు. గత 30 ఏళ్లలో గణనీయంగా మార్చనిదైతే వార్షిక సామర్థ్య పరీక్ష నుంచీ మినహాయింపు ఉంది. మాటలు మన నిబంధనకు దగ్గరగానే ఉన్నా, అక్కడి మార్గదర్శకాలు ఒక అడుగు ముందుకు వేశాయి. అసలు విడిభాగాలు దొరకనప్పుడు వాహనాన్ని కాపాడటానికి చేసిన మార్పులను గణనీయమైనవిగా పరిగణించబోమని, అదే నమూనా బాడీ గూడును తిరిగి అమర్చడం మార్పు కాదని రాతపూర్వకంగా చెప్పాయి. జర్మనీ 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో చక్కగా ఉన్న వాహనాలకు ‘హెచ్’ అక్షరంతో ప్రత్యేక నంబరు ఇస్తుంది. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా నిర్వచనంలోనూ కనీస వయసు 30 ఏళ్లే.

ఆంగ్ల ప్రకటనల్లో ‘సింపథెటిక్ రిస్టొరేషన్’ అనే మాట తరచుగా కనబడుతుంది. సానుభూతి అని అనువదిస్తే నవ్వు వస్తుంది. కారు మీద జాలి పడటం కాదు దాని అర్థం. కారు స్వభావానికి తగినంత మేరకే చెయ్యి పెట్టడం. మన అలంకారశాస్త్రంలోని ‘ఔచిత్యం’ దీనికి దగ్గరి మాట. బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ వంటి ప్రాణాధారమైన వాటిని పూర్తిగా బాగుచేసి, మిగిలిన చోట్ల కాలం వేసిన ముద్రను ఉండనివ్వడం ఈ పద్ధతి. చెక్కుచెదరని పాత రంగు ఉంటే మళ్లీ రంగు వేయరు. అరిగినా బిగువుగా ఉన్న సీట్లను మార్చరు. షోరూం మెరుపు కోసం అసలు రేకులు, అసలు గుడ్డ, అసలు మీటర్లు తీసేసిన కారు ఫొటోలో బాగుంటుంది. తీసేసినవి మాత్రం తిరిగి రావు.

కొత్త ఇంధనం ఈ ఔచిత్యానికే పరీక్ష పెట్టింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2025 నాటికి దేశమంతటా ప్రధాన ఇంధనమైంది. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు కొంత ముందుగా మార్చుకోవాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖే తెలిపింది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కార్బురేటర్‌తో నడిచే కాంటెస్సాలో ఇంధన గొట్టాలు, పంపులోని రబ్బరు పొర, సీళ్లను ఇథనాల్‌ను తట్టుకునే రకాలతో మార్చడం ఇప్పుడు అలంకారం కాదు, భద్రత. అసలు గొట్టాలే ఉన్నాయని గొప్పగా చెప్పే అమ్మకందారుడి మాటకు కొనేవారు మురిసిపోకూడని చోటు ఇది.

ధర ఎవరు కడతారు

బాగుచేసిన పాత కారుకు ప్రామాణిక ధర అంటూ ఉండదు. పెట్టిన ఖర్చు, మిగిలిన అసలు భాగాలు, కాగితాల బలం, కొనేవారి జ్ఞాపకం కలిసి ధరను తేలుస్తాయి. పన్ను వ్యవస్థకు ఈ సంగతి అందలేదు. జీఎస్టీ మండలి 2024 డిసెంబరు నిర్ణయం ప్రకారం, నమోదిత వ్యాపారులు అమ్మే పాత కార్ల లాభాంశంపై 18 శాతం పన్ను పడుతుంది. నిబంధన మాటల్లో లాభాంశమంటే అమ్మిన ధరకూ కొన్న ధరకూ ఉన్న తేడా. మరమ్మతు ఖర్చు తగ్గించే మాట ఆ సూత్రంలో లేదు. ఉదాహరణకు రెండు లక్షలకు కొన్న శిథిల కాంటెస్సాపై ఆరు లక్షలు ఖర్చుపెట్టి తొమ్మిది లక్షలకు అమ్మితే, మిగిలేది లక్ష, పన్ను లెక్కకు వచ్చే లాభాంశం ఏడు లక్షలు, పన్ను రూ.1.26 లక్షలు. శ్రద్ధగా పనిచేసిన వ్యాపారి నష్టపోతాడు, లప్పం మెత్తి వెంటనే అమ్మినవాడు గట్టెక్కుతాడు. ఇద్దరు వ్యక్తుల మధ్య నేరుగా జరిగే అమ్మకానికి ఈ పన్ను లేదు. ఇలాంటి కార్ల అమ్మకం సంస్థల చేతుల్లోకి కాకుండా వ్యక్తుల మధ్యే సాగడానికి ఇదీ ఒక కారణమనిపిస్తుంది.

బీమాలోనూ ఇదే తీరు. అయిదేళ్లు దాటిన వాహనం బీమా విలువను సంస్థ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి. ఎనిమిది లక్షలు ఖర్చయిన కారును తుక్కు విలువకు దగ్గరగా లెక్కగడితే యజమాని చేయగలిగింది తక్కువ. ముందే అంగీకరించిన విలువకు బీమా ఇచ్చే పద్ధతి మన మోటారు టారిఫ్‌లో లేకపోలేదు. కానీ 2002 నాటి ఆ నిబంధనావళి వింటేజ్ అన్న మాటను 1940 డిసెంబరు 31కి ముందు తయారైన కార్లకే కేటాయించింది. రవాణా శాఖ లెక్కలో 50 ఏళ్లు, బీమా పుస్తకంలో 1940. మహారాజుల రోల్స్ రాయిస్‌లకు సరిపోయిన ఈ కొలత, బ్యాంకు మేనేజర్లూ డాక్టర్లూ కొనుక్కున్న కాంటెస్సాకు ఎన్నటికీ అందదు.

పర్యావరణ వాదనను తేలిగ్గా తీసివేయడం కుదరదు. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కార్బురేటర్ ఇంజిన్ కిలోమీటరుకు వదిలే కాలుష్యం బీఎస్-6 కారుతో పోల్చదగినది కాదు. ఢిల్లీ శీతకాలపు గాలిని పీల్చేవారికి పాత కార్ల అందం గురించి చెప్పబోవడం కటువుగానే ఉంటుంది. అయితే సేకర్తల కార్లు ఆఫీసుకు రోజూ వెళ్లి వచ్చేవి కావు. వాడకాన్ని పరిమితం చేసే మార్గం మన నియమావళిలోనే ఉంది: వింటేజ్ రిజిస్ట్రేషన్ పొందిన కారును ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, ర్యాలీ, వాటికి రాకపోకలు, ఇంధనం, నిర్వహణ పనులకే రోడ్డెక్కించాలి. ఇదే షరతును 30 లేదా 35 ఏళ్ల కార్లకు స్వచ్ఛందంగా ఎంచుకునే వీలుతో వర్తింపజేస్తే, కాలుష్య భయమూ తగ్గుతుంది, కారూ మిగులుతుంది. రోజూ నడపాలనుకునేవారు సాధారణ నిబంధనల కిందే ఉంటారు. అడ్డంకి ఆలోచన లేకపోవడం కాదు. 50 అన్న అంకె.

కొనేవారి చేతిలో మిగిలేది కాగితం

ఈ శూన్యం నిండేదాకా జాగ్రత్త కొనేవారిదీ అమ్మేవారిదీ. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధన రకం ఆర్‌సీతో సరిపోవాలి. రిజిస్ట్రేషన్ గడువు బతికి ఉందో లేదో చూడాలి. ఏళ్ల కిందటే తీరిపోయి, యజమాని చనిపోయిన తర్వాత వారసుల పేరుకు మారని కార్లు తక్కువేమీ కాదు. పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు, విడిభాగాల రసీదులు అడగాలి. తలుపుల కింద అయస్కాంతం పెడితే రేకుకు అతుక్కుంటుంది, మందపాటి లప్పానికి అతుక్కోదు. మెకానిక్ షెడ్డులో నేటికీ పనికొచ్చే పరీక్ష ఇది. ఇసుజు ఇంజిన్ తర్వాతి అంబాసిడర్లలోనూ వాడారు కనుక దాని భాగాల కోసం వెతకడంలో అర్థముంది. అద్దాలు, తలుపు రబ్బర్లు, క్రోమ్ పట్టీలు లేని కారును మాత్రం ‘తర్వాత దొరుకుతాయి’ అన్న హామీ మీద కొనడం సాహసమే.

ఇతర రాష్ట్రం కారైతే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త రాష్ట్రం నంబరు తీసుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లైఫ్ ట్యాక్స్ లెక్క కూడా ముందే తెలుసుకోవాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. ఇది లాంఛనం కాదు. వాహనం చేతులు మారినా రికార్డులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తండ్రి కొన్న కాంటెస్సాను మనసు చంపుకుని అమ్మిన కుటుంబానికి, పేరు మార్పిడి జరగకపోతే, ఏ ఊళ్లోనో జరిగిన ప్రమాదం తాలూకు నోటీసు రావచ్చు.

2034లో తొలి కాంటెస్సాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అర్హత వస్తుంది. ఆనాటికి ఎన్ని మిగులుతాయన్నది ఈ ఎనిమిదేళ్లలో జరిగే పొడిగింపులు, తనిఖీలు, టింకరింగ్ పనుల మీద ఆధారపడి ఉంది. ఉత్తరపారా నుంచి 2002లో వచ్చిన చివరి కార్లకు 25 ఏళ్లు నిండేది 2027లో. వాటి యజమానులు మరోసారి రూ.10,000 రుసుముతో రవాణా కార్యాలయం వరుసలో నిలబడాల్సిందే.